పన్నెండో బొమ్మ

బాపట్ల కళాసమితి వాళ్ళు మళ్ళీ ఉత్తరం రాశారు. కొత్తగా కెమెరా పట్టిన కుర్రవాళ్ళకు పట్టుదల గురించి నాలుగు మాటలు చెప్పాలట. "'నిజాంపట్నం ఉదయం' ఫోటో తీసిన గోపాలకృష్ణగారి కన్నా ఆ మాట చెప్పదగ్గవారెవరు?" అని కింద ఒక వాక్యం కూడా చేర్చారు. ఒక్క ఫోటో కోసం పదకొండు ఆదివారాలు తిరిగానన్న సంగతి తెనాలి నుంచి రేపల్లె దాకా అందరికీ తెలుసు. తెలియక చస్తారా? నేనే చెప్పుకున్నాను. మొదట్లో అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పాను. ఇప్పుడు ఎవరైనా ఆ మాట ఎత్తితే తేలు కుట్టిన దొంగలా ఊరుకుంటున్నాను.

ఎందుకో మా ఆవిడ తులసికి తెలుసు. ఇంకొక మనిషికి తెలుసు. పదేళ్ళయింది కాబట్టి ఇక చెప్పేస్తాను. చెబితే సిగ్గుచేటు, నిజమే. చెప్పకపోతే మాత్రం సిగ్గు ఎక్కడికి పోయింది గనక?

అది 1968 కార్తీకం. తెనాలిలో మా మామగారు బ్రహ్మయ్యగారు పెట్టిన స్టూడియో ఆయన పోయాక నా చేతికి వచ్చింది. తులసి లోపల కూర్చుని నెగటివుల మీద సన్నటి పెన్సిలుతో మచ్చలూ మొటిమలూ సరిదిద్దేది. నేను ముందు గదిలో జనాన్ని తెర ముందు నిలబెట్టి ఫోటోలు తీసేవాణ్ణి. ఆ తెర మీద ఒక సరస్సు, రెండు హంసలు ఉండేవి. ఆ హంసల్ని చూసి చూసి నాకు విసుగెత్తింది. నిజం నీళ్ళు తీయాలనీ, పేరు తెచ్చుకోవాలనీ పిచ్చి పట్టుకుంది. మాఘంలో బాపట్లలో పోటీ ఉందని తెలిశాక ఇక నిద్ర పట్టలేదు.

మా మామగారు నాకు నేర్పిన పనుల్లో ఒకటి ఉత్త క్లిక్కు. అప్పట్లో ఫిలిం దొరకడం గగనం. పెళ్ళిలో ప్రతి చుట్టమూ "మాదొకటి తియ్యవయ్యా" అని మీద పడతాడు. అందరికీ ఫిలిం తగలేస్తే తలంబ్రాల వేళకు మిగలదు. "ఫిలిం లేని కెమెరా పెట్టి ఒక క్లిక్కు పడెయ్ అల్లుడూ. వాళ్ళు మురిసిపోతారు, నీ ప్రాణం హాయిగా ఉంటుంది. మర్నాడు ఎవడూ అడగడు" అనేవారు. ఆయనొక్కడే కాదు, ఈ ప్రాంతంలో కెమెరా పట్టిన ప్రతివాడూ చేసే పనే. తులసి చిన్నప్పటి నుంచీ చూసిందే. మాకు అదొక తప్పులాగా ఎప్పుడూ అనిపించలేదు.

ముందు బాపట్ల దగ్గర సూర్యలంక వెళ్ళాను. ఇసక, నీళ్ళు, ఆకాశం తప్ప నా కంటికి ఏమీ ఆనలేదు. తరవాత ఒక శనివారం మధ్యాహ్నం తెనాలిలో రేపల్లె బండెక్కి, అక్కణ్ణించి బస్సులో నిజాంపట్నం చేరాను. ఏటి గట్టు మీద మెడలో కెమెరాతో తిరుగుతుంటే వల కుట్టుకుంటున్న ఒక ముసలాయన తలెత్తి చూశాడు.

"ఏంటి బాబూ, సర్వే వాళ్ళా?"

"కాదు మావా. ఫోటోలు తీసేవాణ్ణి."

"ఎవురివి?"

"నీళ్ళవి."

ఆయన వల వదిలేసి మరీ నవ్వాడు. "నీళ్ళకి ఫోటో ఏంటయ్యా! రేపొచ్చినా ఇయ్యే నీళ్ళు ఇక్కడే ఉంటయ్యిగా!"

ఆయన సింగయ్య. ఆ సాయంత్రం వాళ్ళ పంచలోనే నాకు మంచం వేశారు. ఆయన భార్య రత్తమ్మ చేపల పులుసు వడ్డిస్తూ, "పట్నమోళ్ళు, కారం తినగలవా?" అని మూడుసార్లు అడిగింది. చూస్తుండగానే ఆయన నాకు మావ, ఆవిడ అత్త అయిపోయారు.

నాకు కావలసింది ఇది. తెల్లవారేసరికి ఏటి మీద మంచు ఉండాలి. ఆ మంచులోంచి సూర్యుడు కనబడుతూ కనబడకుండా రావాలి. సరిగ్గా సూర్యుడి కింద ఒక పడవ ఉండాలి. చెప్పడానికి ఇంతే. ఒక వారం మబ్బు. ఒక వారం మంచు లేదు. ఒక వారం మంచు మరీ ఎక్కువై పడవే కనబడలేదు. ఒక వారం సముద్రపు పాటు వేళ, నీళ్ళన్నీ సముద్రంలోకి లాగేసి ఏట్లో బురదే మిగిలింది. వారం వారం సూర్యుడు పొడిచే చోటు జరుగుతూ ఉండేది. నేను చెయ్యి ఊపితే చాలు, సింగయ్య గెడతో పడవను అటూ ఇటూ తోసేవాడు. "ఇంకొంచెం అవతలికి మావా. కాదు కాదు, ఇవతలికి." తోటివాళ్ళంతా వేటకు వెళ్ళిపోయేవారు. ఈయన మాత్రం నా సూర్యుడి కోసం మోకాలి లోతు చల్లటి నీళ్ళలో ఆగిపోయేవాడు. వాళ్ళు ఎగతాళి చేస్తే, "మా అల్లుడు ఎండకి ఫోటో తీత్తన్నాడు, మీకేం తెలుసురా" అనేవాడు.

పట్టుదల నాదట!

రెండో ఆదివారం పొద్దెక్కాక రత్తమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా ఇద్దరిదీ ఒకటి తియ్యవా బాబూ?"

"ఎందుకే, ఈ మొకాలకి ఫోటో ఒకటా?" అన్నాడు సింగయ్య.

ఆవిడ ఆయన మాట పట్టించుకోలేదు. నాతోనే చెప్పింది. వాళ్ళ కొడుకు అంకయ్య మూడేళ్ళ కిందట వేటకు పోయి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. "మొన్నమొన్నటిదాకా కళ్ళు మూసుకుంటే కనపడేవోడు బాబూ. ఇప్పుడు ముక్కు కనపడితే కళ్ళు కనపడవు. కళ్ళు కనపడితే నోరు కనపడదు. కన్నతల్లిని, మొకం మర్చిపోతన్నా. ఈయన పోయినా అట్టాగే మర్చిపోతానేమోనని నా బయం."

"నేనే ముందు పోతానని రాసిపెట్టుందా?" అని సింగయ్య నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

రోలుకు పన్నెండు బొమ్మలు. ఆ పొద్దున పన్నెండూ ఆకాశానికే పెట్టేశాను. కెమెరాలో ఫిలిం లేదు. "అయిపోయిందత్తా, వచ్చే వారం తీస్తాను" అని ఒక్క మాట అంటే పోయేది. ఆ మాట నోటికి రాలేదు, చెయ్యి ముందు కదిలింది. పదేళ్ళ అలవాటు. ఇద్దరినీ మంచం మీద కూర్చోమన్నాను.

నాది రెండు కళ్ళ కెమెరా. పై మూత తీసి లోపలికి తొంగి చూస్తే గాజుపలక మీద బొమ్మ కనబడుతుంది. కాకపోతే అందులో కుడిది ఎడమకూ ఎడమది కుడికీ మారిపోతుంది. సింగయ్య ముందు తనూ చూస్తానని వచ్చి అందులోకి తొంగి చూశాడు. "ఒసే, నువ్వు కుడి పక్కన కూచుంటే ఇందులో ఎడం పక్కకి పోయావేంటే!" అని చిన్నపిల్లాడిలా నవ్వి, వెళ్ళి మళ్ళీ ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"కదలొద్దా బాబూ?"

"అసలు కదలొద్దు. ఊపిరి కూడా బిగబట్టు మావా" అన్నాను, సరదాకి.

ఆయన నిజంగానే బిగబట్టాడు. నేను నొక్కాను.

మర్నాడు ఎవడూ అడగడని కదా మా మామగారి మాట. నాలుగో వారం రత్తమ్మ అడిగింది. "మా బొమ్మ తెచ్చావా బాబూ?"

నేనేం చెప్పానో రాయడానికి ఇప్పుడు కూడా చెయ్యి రావడం లేదు. "సరిగా రాలేదత్తా. మావ కదిలాడు" అన్నాను.

"కుదురుగా కూచోమంటే వింటివా?" అని ఆవిడ ఆయన మీద విరుచుకుపడింది. సింగయ్య తల గోక్కున్నాడు. "గాలొచ్చినట్టుందే, కదిలానేమో" అన్నాడు. ఆ పొద్దున కూడా నా పన్నెండూ ఏటికే అయిపోయాయి. మళ్ళీ కూర్చోబెట్టాను. ఈసారి ఆయన కళ్ళు కూడా ఆర్పలేదు. గాజుపలకలో చూస్తుంటే కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. మళ్ళీ ఉత్త క్లిక్కే.

తరవాత వారం నేనే ముందుగా అన్నాను, వాళ్ళు అడగకముందే. "కళ్ళు మూశావు మావా." అబద్ధం ఒకసారి చెబితే రెండోది దాని అంతట అదే వస్తుంది.

ఇంటికొచ్చి తులసికి వాళ్ళ కబుర్లన్నీ చెప్పేవాణ్ణి. పులుసు సంగతి, పడవ సంగతి, అంకయ్య సంగతి. ఈ ఒక్కటి మాత్రం చెప్పలేదు. "వాళ్ళకో ఫోటో తీసివ్వండి పాపం" అంది తులసి. "తీశాను" అన్నాను. అందులో అబద్ధం ఏముంది, తీశానుగా, మూడోసారి కూడా తీస్తాను అనుకున్నాను. మనిషి తనకు తాను నచ్చజెప్పుకోదలిస్తే మాటలకు కరువా?

పదకొండో ఆదివారం మాత్రం గట్టిగా ఒట్టు పెట్టుకుని వెళ్ళాను. పన్నెండో బొమ్మ వాళ్ళది. ఆకాశం విరిగి మీద పడినా సరే, ఆ ఒక్కటీ ముట్టుకోను.

ఆ పొద్దున మంచు దట్టంగా ఉంది. పదకొండు బొమ్మలు తీశాను. ఏదీ నచ్చలేదు. ఇక లాభం లేదనుకుని కెమెరా పట్టుకుని వాళ్ళ పంచ వైపు తిరిగాను. సింగయ్య మంచం మీద సిద్ధంగా ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు. ఒంటి మీద తెల్లటి చొక్కా, మెడ దాకా బొత్తాలు పెట్టి ఉంది.

"అంకయ్యది" అంది రత్తమ్మ. "పెట్టెలోంచి తీశా. ఈయనకి వదులే గానీ, ఫోటోలో ఏం తెలుత్తది."

సరిగ్గా అప్పుడే నా వెనక వెలుగు మారింది. తిరిగి చూశాను. మంచు మధ్యలో చీలింది. సూర్యుడు ఎర్రగా కాదు, పాల రంగులో, సరిగ్గా పడవ మీద ఉన్నాడు. ఏరంతా వెండిలా ఉంది. పదకొండు వారాలు దేనికోసం చచ్చానో అది కళ్ళ ముందుంది. పడవ మీద ఒక మనిషి ఉంటే చాలు.

"మావా!" అని అరిచాను. "పరిగెత్తు! పడవెక్కి నిలబడు. అటు తిరుగు, ఎండ వైపు. నా వైపు చూడకు!"

"మరి మా ఫోటో?" అంది రత్తమ్మ.

"అది తరవాత!"

ఆయన మారు మాట్లాడలేదు. కొడుకు చొక్కాతోనే బురదలోకి దిగి, పడవెక్కి, నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. నేను నొక్కాను. పన్నెండో బొమ్మ అయిపోయింది.

మోకాళ్ళ దాకా బురదతో ఆయన తిరిగొచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఆవిడ కొంగుతో ఆయన మొహం తుడిచి, పక్కన సర్దుకుని కూర్చుంది. "ఇంక మాది తియ్యి బాబూ. ఈసారి కదల్డులే." నాకు సంతోషం పట్టలేకుండా ఉంది. వచ్చే వారం ఒక రోలు మొత్తం వీళ్ళకే తెస్తాననుకున్నాను. అనుకుంటూనే కెమెరా ఎత్తి, గాజుపలకలో ఇద్దరినీ చక్కగా మధ్యలోకి తెచ్చి, ఉత్తదే నొక్కాను.

వచ్చే వారం వెళ్ళలేదు. ఫోటో కడిగి, పెద్దది చేసి, తులసి చేత దుమ్ము చుక్కలు సరిదిద్దించి బాపట్ల పంపాను. మొదటి బహుమతి వచ్చింది. టౌను హాల్లో దండ వేశారు. మద్రాసు నుంచి వచ్చిన పెద్దమనిషి ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, "ఆ తెల్ల చొక్కా చూడండి. అంత వెలుగులో అంత చిన్న తెలుపు. అదే లేకపోతే ఈ బొమ్మ లేదు" అన్నాడు. నేను చేతులు కట్టుకుని వినయంగా నిలబడి, పదకొండు ఆదివారాల కథ చెప్పాను. చప్పట్లు కొట్టారు. తెనాలి తిరిగొచ్చాక ఆ బొమ్మకు ఫ్రేము కట్టించి స్టూడియో ముందు అద్దాల్లో పెట్టాను. పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. ఫాల్గుణం కూడా దాటిపోయింది.

చైత్రంలో ఒక మధ్యాహ్నం, మా అద్దాల ముందు ఒక ఆవిడ చాలాసేపటి నుంచి నిలబడి ఉందని తులసి చెప్పింది. బయటికి వెళ్ళాను. రత్తమ్మ. నుదుట బొట్టు లేదు.

"అత్తా" అన్నాను.

"మూడు రోజులు జొరం బాబూ. నాలుగో రోజుకి లేడు" అంది. "నలబై రోజులు దాటాక బయలెల్లా. మా బొమ్మ అడుగుదామని."

తులసి ఆవిణ్ణి లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. ఆవిడ గ్లాసు పట్టుకుందే గానీ తాగలేదు. వేలితో బయటికి చూపించి, "అది మా అంకయ్య చొక్కా గదా?" అంది.

"అవునత్తా."

"అంటే ఆయనే. మొకం అటుందేంటి మరి?"

నేను బల్ల మీది కవర్లు సర్దసాగాను.

"స్టూడియోలో మీరు ఏయేయో చేత్తారంటగా. మచ్చలు తీసేత్తారంట, నల్లోళ్ళని తెల్లగా చేత్తారంట." మొహమాటంగా అడిగింది. "కాస్త ఇటు తిప్పడానికి కుదరదా బాబూ?"

తులసికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. "అది కుదరదండి. అయినా అదెందుకు? ఈయన మీ ఇద్దరిదీ విడిగా తీశారటగా. ఏవండీ, ఆ నెగటివు ఎక్కడుంది? పెద్దది చేసి ఇద్దాం."

ఇద్దరూ నా వైపు చూశారు. "ఆ రోలు పాడైపోయింది" అన్నాను.

రత్తమ్మ తల ఊపింది. కోపం తెచ్చుకున్నా బాగుండేది. నన్నే ఓదార్చింది. "నువ్వు మాత్రం ఏం చేత్తావులే బాబూ. అన్ని వారాలు తిరిగావు, మూడుసార్లు తీశావు. ఆయనకే కుదురు లేదు. కదిలే ఉంటాడు." కాఫీ గ్లాసు కింద పెట్టి, తులసికి దణ్ణం పెట్టి, బండికి వేళవుతోందని లేచి వెళ్ళిపోయింది.

తులసి తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఈ ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. ఆవిడకు విడమరిచి చెప్పక్కర్లేదు.

"ఆయన కదల్లేదు కదూ?" అంది.

నేను తల వంచుకున్నాను.

"మూడుసార్లూనా?"

"ఊఁ."

"నాన్న నేర్పాడు, మీరు నేర్చుకున్నారు. నేను ఇన్నేళ్ళూ నవ్వుకుంటూ కూర్చున్నాను" అంది. పెన్సిలు తీసి సొరుగులో పడేసింది. "ఇంకా ఇక్కడే నిలబడ్డారేం? బండి రాలేదింకా. వెళ్ళండి."

ఆ సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి అద్దాల్లో బొమ్మ లేదు. ఎక్కడ పెట్టావని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. అప్పటి నుంచి మా స్టూడియోలో ఉత్త క్లిక్కు లేదు. ఏ రోలు వేసినా మొదటి బొమ్మ అడిగినవాళ్ళది. పెళ్ళివారు తిట్టినా సరే, అది తులసి పెట్టిన నియమం. చాలా రోజులు ఆవిడ నాతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. కాని ముందు స్టేషను సంగతి చెప్పాలి.

రేపల్లె బండి ఆగే ప్లాటుఫారం చివర బల్ల మీద రత్తమ్మ కూర్చుని ఉంది. ఎదురుగా నిలబడ్డాను. కూర్చునే ధైర్యం లేదు.

"మావ కదల్లేదత్తా. ఒక్కసారి కూడా కదల్లేదు. రోలు పాడవలేదు. ఈ కెమెరా పెట్టెలో అసలు ఫిలిమే లేదు. మూడుసార్లూ ఉత్తదే నొక్కాను."

ఆవిడకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. నా మెడలో అలవాటుగా వేలాడుతున్న కెమెరా వైపు చూసింది. తరవాత నా వైపు చూసింది.

"మంచం మీద కూచుని ఊపిరి బిగబట్టేవోడయ్యా" అంది. "రోజూ సాయంత్రం. 'ఒసే, కదిలానేమో చూడు, ఈసారి అల్లుడి ఫిలిం పాడు చెయ్యకూడదు' అని. ఇరవై అంకెల దాకా ఉండేవోడు."

తిట్టలేదు. శాపనార్థాలు పెట్టలేదు. బాబూ అని మాత్రం మరి పిలవలేదు. దూరంగా బండి కూత వినబడింది. ఆవిడ లేచి సంచి తీసుకుంది. ఉన్నట్టుండి అడిగింది.

"ఆ పెట్టెలోంచి నువ్వు చూశావుగా. ఎట్టా ఉన్నాడు?"

"అత్తా..."

"చెప్పు. నాకప్పుడే చెదిరిపోతన్నాడు. నువ్వు మూడుసార్లు చూశావు. చెప్పు."

చెప్పాను. ఇంకేం ఇవ్వగలను? నెరిసిన గడ్డం, ఆఖరిసారి గీసుకున్నది. ఊపిరి బిగబట్టినప్పుడు లోపలికి పోయిన కింది పెదవి. మెడ దాకా పెట్టిన బొత్తాలు. ఆవిడ కళ్ళు మూసుకుని ఒక్కొక్కదానికీ తల ఊపింది. "బొత్తాలు నేనే పెట్టా" అంది.

"కుడి కనుబొమ మీద గాటు" అన్నాను.

ఆవిడ కళ్ళు తెరిచింది. "కుడి కాదయ్యా, ఎడమ. గాలం గీరుకుంది, నా పెళ్ళయిన ఏడాది" అంది. మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఆ ఎడమ కనుబొమ దగ్గర్నుంచి మెల్లగా ఆయన మొహమంతా దొరికినట్టుంది, పెదవులు కదిలాయి. బండి వచ్చి ఆగింది. ఎక్కి, అవతలి కిటికీ దగ్గర కూర్చుంది.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. పదకొండు వారాలు ఆ ఇంట్లో తిన్నాను, ఆ పంచలో పడుకున్నాను, ఆయన్ని మావా అని పిలిచాను. ఆ గాటు నాకు కుడి వైపునే గుర్తుంది. గాజుపలకలో తప్ప ఆ మనిషి మొహాన్ని నేను నేరుగా ఒక్కసారి కూడా చూడలేదు.